నీళ్ళు పండేదాకా

మోచేతి పైదాకా చొక్కా మడుచుకుని, నీళ్ళలో చెయ్యి ముంచి, పక్కకు ఒరిగిన మొక్కను ఇసుకలో మళ్ళీ నిలబెడుతున్నాడు నిదానం. వేళ్ళ చుట్టూ ఇసుక ఎగదోసి, మెల్లగా అదిమి, ఊపిరి బిగబట్టి చెయ్యి పైకి తీశాడు. మొక్క కాసేపు ఆలోచించినట్టు ఊగి, మళ్ళీ ఒరిగిపోయింది.

"దానికి పడుకోవాలని ఉందేమో. పడుకోనివ్వండి," అంది మంచం మీద నుంచి అతని భార్య.

"లేచావా?"

"నిద్రపోయిన వాళ్ళు కదా లేచేది."

నిదానం అతని పేరు కాదు. గాజు పలకలు కోసే దుకాణంలో చేరిన కొత్తలో తోటి వడ్రంగి వేళాకోళానికి అన్న మాట, అలాగే అతుక్కుపోయింది. ఇప్పుడు బేరానికి వచ్చిన కొత్తవాళ్ళు కూడా "నిదానం గారు ఉన్నారా?" అనే అడుగుతారు. పొడుగు మనిషి. బల్ల మీదికి వంగి వంగి భుజాలు ముందుకు వాలిపోయాయి. వేళ్ళ నిండా పాత కోతల తెల్లటి గీతలు. ఏ పనికైనా ముందు ఒకసారి చేతులు తుడుచుకుంటాడు, అవి తడిగా ఉన్నా లేకపోయినా.

తొట్టి గది గోడ పొడుగునా ఉంది. దానికి చోటు చెయ్యడానికి బీరువాను వంటగదిలోకి నెట్టేశారు. మంచాన్ని అడ్డంగా తిప్పి, ఆమె తల ఎత్తకుండానే తొట్టి అంతా కనిపించేలా వేశారు. దళసరి గాజు అతనే కోశాడు. అంచులు అతనే అరగదీశాడు. వడ్రంగి స్నేహం కొద్దీ బరువు మోసే బల్ల చేసి ఇచ్చాడు. సిలికాన్ పూసి, పలకలు నిలబెట్టి, ఆరాక నీళ్ళు నింపి, కింద పాత వార్తాపత్రికలు పరిచి కాపలా కూర్చున్నాడు. ఒక మూల కాగితం మీద పెసరగింజంత తడి కనబడింది. నీళ్ళన్నీ తోడిపోసి, అంటించిన బంక అంతా బ్లేడుతో గీకి, మళ్ళీ మొదటి నుంచీ అంటించాడు.

"చుక్క కారితే ఏమైందండీ, గుడ్డ పెట్టి తుడుచుకుంటాం," అంది ఆమె అప్పుడు.

"ఇవాళ చుక్క కారితే రేపు గోడ కారుతుంది."

ఇసుక కడగడానికి ఒక ఆదివారం పట్టింది. బకెట్లో పోసి కలపడం, మురికి నీళ్ళు వంచెయ్యడం, మళ్ళీ పొయ్యడం. నీళ్ళు తాగేంత తేటగా వచ్చేదాకా వదల్లేదు. మొక్కలు నాటాడు, పైన లైటు బిగించాడు, ఫిల్టరు పెట్టాడు. అది రాత్రింబవళ్ళు ముసలి పిల్లిలా గురగురమంటూ ఉంటుంది. అంతా అయింది, చేపలు తప్ప.

చేపల కొట్టు ఆయన మొదటి రోజే చెప్పాడు. "కొత్త నీళ్ళు పచ్చివి. చేప విసర్జించేదే చేపకు విషం. ఆ విషాన్ని తినేసే జీవాలు కంటికి కనబడవు. అవి ఫిల్టరులోనూ ఇసుకలోనూ కాపురం పెట్టాలి. అప్పుడు నీళ్ళు పండినట్టు. దానికి వారాలు పడుతుంది. రోజూ చిటికెడు మేత వేస్తూ ఉండండి. అది కుళ్ళితేనే వాటికి తిండి."

అందుకని రోజూ పొద్దున్నే లేని చేపలకు మేత వేస్తున్నాడు నిదానం. ఇవాళా వేశాడు. ఆ పొడి నీళ్ళ మీద కాసేపు తేలి, విసిగిపోయి కిందికి దిగింది.

"చేపల్లేని చేపల తొట్టి," అంది ఆమె. "మనింటికి తగ్గట్టే ఉంది."

ఆ మాట తనకే గుచ్చుకున్నట్టు వెంటనే మొహం తిప్పుకుంది.

పెళ్ళైన కొన్నేళ్ళకు, పిల్లలు కలగడం లేదని ఒక డాక్టరు దగ్గరకు వెళ్ళారు. అక్కడ కూర్చునే గదిలో గోడంత తొట్టి ఉండేది. అందులో సన్నటి వెండిరంగు చేపలు ఒకేసారి అన్నీ తిరిగేవి, ఎవరో పిలిచినట్టు. ఆమె వాటి ముందు నిలబడి లోకం మరిచిపోయింది. లోపలి నుంచి తమను పిలిచినా వినలేదు, వెనకాల వాళ్ళు ముందు వెళ్ళిపోయారు. డాక్టరు చెప్పిన మాట విని తిరిగి వస్తూ, బస్సులో చాలాసేపు కిటికీ వైపు చూసి చూసి, చివరకు అంది: "మనింట్లో అలాంటి తొట్టి పెట్టుకుందామండీ."

"చూద్దాం. ముందు కాస్త పెద్ద గది దొరకనీ."

గది దొరికింది. తర్వాత పైకప్పు కారింది, ముందు అది కానీ అన్నాడు. తర్వాత అతని తల్లి మంచాన పడింది. తర్వాత ఏదో, తర్వాత ఇంకేదో. ఆమె అడగడం మానలేదు, అతను కాదనడమూ లేదు. ఆ "చూద్దాం"తోనే వాళ్ళ కాపురం తెల్లవెంట్రుకల దాకా వచ్చింది. కడుపులో మొదలైన జబ్బు ఆమె ఎముకల దాకా పాకి, ఇక ఇంటి దగ్గరే ఉంచుకోమని ఆసుపత్రి వాళ్ళు పంపేసిన రోజున, అతను నేరుగా దుకాణానికి వెళ్ళి దళసరి గాజు పలక బల్ల మీద పరిచాడు.

ఇవాళ్టి మేత వేశాక, గోరువెచ్చటి గుడ్డతో ఆమె మొహం, మెడ తుడిచాడు. పక్క మార్చడానికి రెండు చేతులూ కిందికి పోనిచ్చి, పెద్ద పలకను ఎత్తినట్టు ఎక్కడా బరువు ఒరగకుండా ఎత్తాడు. బరువేం లేదు. దానికే భయం వేసింది. జావ రెండు చెంచాలు తాగి నోరు మూసేసుకుంది.

"ఏమండీ, ఇవాళ తీసుకురాకూడదూ?"

"ఇంకా పండలేదే నీళ్ళు. తొందరపడితే పాపం చచ్చిపోతాయి."

"ఆ నీళ్ళ కంటే ముందు నేను పండిపోయేట్టున్నాను," అని నవ్వింది. నవ్వు దగ్గులోకి జారింది.

అప్పుడే మరదలు వచ్చింది. భార్య చెల్లెలు, పక్కవీధిలో ఉంటుంది, బట్టలు కుడుతుంది. పొద్దున నుంచి సాయంత్రం దాకా కుట్టుపని ఇక్కడికే తెచ్చుకుని అక్క దగ్గర కూర్చుంటోంది. గుమ్మంలోనే ఆగి, "బావా, రాత్రి ఎలా ఉంది?" అని కళ్ళతోనే అడిగింది. అతను చేతులు తుడుచుకుని, చొక్కా చేతులు దించుకుని పనికి వెళ్ళిపోయాడు.

దుకాణంలో ఆ రోజు భోజనాల బల్ల మీదికి గాజు కొయ్యాల్సి ఉంది. పలకను నీళ్ళతో తుడిచి, కొలబద్ద ఆనించి, కోత చక్రాన్ని నూనెలో ముంచాడు. వడ్రంగి రంపం పక్కన పెట్టి వచ్చి నిలబడ్డాడు.

"చేపలొచ్చాయా మీ ఇంటికి?"

"నీళ్ళు పండాలి."

నిదానం గీత మొదలుపెట్టాడు. గాజు మీద గీత మొదలుపెడితే చివరిదాకా ఒకే ఊపున పోవాలి. మధ్యలో చెయ్యి ఆగితే పలక తన ఇష్టం వచ్చిన దారిలో పగులుతుంది. పని నేర్పిన పెద్దాయన చెప్పిన మొదటి మాట అదే. కొత్తవాళ్ళకు అతను చెప్పే మొదటి మాటా అదే.

"నీళ్ళు పండేదాకా నువ్వు ఆగగలవు, నాకు తెలుసు," అన్నాడు వడ్రంగి మెల్లగా. "మరి ఆవిడో?"

సన్నగా కీచుమంటున్న చక్రం ఆగిపోయింది. పలక నడిమధ్యలో. వడ్రంగి తప్పు చేసినవాడిలా గీత వైపూ అతని మొహం వైపూ మార్చి మార్చి చూశాడు. నిదానం చక్రాన్ని బల్ల మీద పెట్టి, చేతులు తుడుచుకుని, ఓనరు దగ్గరకు వెళ్ళాడు.

"ఇవాళ నేను వెళ్ళాలండి."

ఓనరు తలెత్తాడు. ఇన్నేళ్ళలో ఈ మనిషి పని మధ్యలో వదిలి వెళతానని అనడం వినలేదు. ఎందుకని అడగకుండానే "వెళ్ళండి, వెళ్ళండి" అన్నాడు.

చేపల కొట్టు సన్నటి సందులో ఉంది. లోపల ఎటు చూసినా నీళ్ళ వెలుగే. కొట్టు ఆయన స్టూలెక్కి పై వరుస తొట్టి కడుగుతున్నాడు.

"వెండిరంగువి కావాలి. సన్నవి, గుంపుగా తిరుగుతాయే, అవి."

"ఇంకా టైముంది కదండీ. ఇప్పుడు వేస్తే బతకవు."

"ఒక్కరోజు బతికితే చాలు."

అనేశాక ఆ మాట అతని చెవిన పడింది. అలమరను ఆనుకుని నిలబడ్డాడు. కొట్టు ఆయన స్టూలు దిగి, తడి చేతులతోనే దగ్గరకు వచ్చాడు. "ఏమైంది?"

నిదానం చెప్పాడు. జబ్బు, మంచం అడ్డంగా తిప్పిన సంగతి, అన్నీ. ఇంత పొడుగు మాట అతను ఎవరితోనూ మాట్లాడి ఎరగడు. కొట్టు ఆయన విని, లోపలికి వెళ్ళి, తన సొంత తొట్టి ఫిల్టరులోంచి గోధుమరంగుకు తిరిగిన స్పాంజి ముక్క ఒకటి తీసి కవరులో పెట్టి తెచ్చాడు.

"ఇది ఏళ్ళనాటిది. ఇందులో ఆ జీవాలు పుట్టలు పుట్టలుగా ఉంటాయి. మీ ఫిల్టరులో కూరండి. చేపలు ఇవాళే వేసినా చాలావరకు తట్టుకుంటాయి."

నిదానం కవరు అందుకుని ఆ ముక్కను చూశాడు. "ఇది మొదటే పెట్టి ఉంటే?"

"మొదటి రోజే చేపలు వేసుకునేవారు మీరు." కొట్టు ఆయన గొంతు తగ్గింది. "మీరు వచ్చినప్పుడల్లా, నాకేం తొందర లేదండీ, పద్ధతి ప్రకారం చేద్దాం అన్నారు. మీకు తొందరుందని నాకెలా తెలుస్తుంది?"

బస్సులో చేపల కవరును ఒళ్ళో పెట్టుకుని, ఎండ తగలకుండా రుమాలు కప్పి, కుదుపు వచ్చినప్పుడల్లా రెండు చేతులతో గాల్లోకి ఎత్తి పట్టుకున్నాడు. పక్క సీటావిడ ఏమిటని అడిగింది. "చేపలండి, మా ఆవిడకి," అన్నాడు. అడగని మాట కూడా చెప్పాడు: "ఎదురుచూస్తోంది."

ఇంటికి వచ్చేసరికి ఆమె మేలుకునే ఉంది. తలకింద రెండు దిండ్లు. పొద్దున లేని తేట మొహంలో ఉంది. ఒళ్ళో సాసరు, అందులో ఒలిచిన కమలాపండు.

"బావా, అక్క ఆకలంటోంది!" అంది మరదలు సంబరంగా. "తనే అడిగి ఒలిపించుకుంది."

స్పాంజి ముక్క ఫిల్టరులో కూరి, కవరును విప్పకుండా అలాగే తొట్టి నీళ్ళ మీద వదిలాడు. అది పొట్ట ఉబ్బించుకుని తేలింది. లోపల చేపలు ఒకదాన్నొకటి రాసుకుంటూ మెరిశాయి.

"అదేంటండీ, నీళ్ళలో నీళ్ళు మూటగట్టారు?"

"లోపలి నీళ్ళ చల్లదనం, బయటి నీళ్ళ చల్లదనం ఒకటవ్వాలి. ఒక్కసారిగా వదిలితే బెదిరిపోతాయి."

"అవేనా? ఆ రోజు చూసినవి?"

"అవే."

ఆమె కళ్ళు చిట్లించి చూసింది. "అదిగో, ఆ మూలన కదలకుండా అందరికీ దారిస్తూ ఉందే, అది మీరు."

"మరి నువ్వు?"

"కవరు మూతి దగ్గర పొడుస్తోంది చూడండి. ఎప్పుడు వదుల్తారా అని. అదీ నేను."

మరదలు నవ్వుతూ టీ పెట్టడానికి వంటగదిలోకి వెళ్ళింది. భార్య కమలా తొన ఒకటి తీసుకుని, గోళ్ళతో తెల్లటి ఈనెలు ఒక్కొక్కటే లాగసాగింది. ఈనె ఉంటే అతను తినడు. దాన్ని నున్నగా ఒలిచి చాపింది. "ఇదిగో, తినండి."

"చెయ్యి తడిగా ఉంది. అక్కడ పెట్టు, తర్వాత తింటా."

సాసరు అంచున పెట్టింది. "వదిలెయ్యండి ఇంక."

"ఇంకాసేపే."

"సరే లెండి. అయ్యేదాకా చూస్తూ ఉంటాను," అంది.

అతను ఆమెకు వీపు పెట్టి తొట్టి ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఒక చెయ్యి కవరుకు ఆనించి, ఒక చెయ్యి తొట్టిలో పెట్టి, రెండూ ఒకటే అనిపించాక రబ్బరు బ్యాండు విప్పాడు. కవరు మూతిని మడిచి నీళ్ళలోకి వంచి పట్టుకున్నాడు. ఒంపెయ్యకూడదు, వాటంతట అవే రావాలని కొట్టు ఆయన చెప్పాడు.

"వస్తోంది చూడు, నీదే ముందు," అన్నాడు. "ఇంకోటి వచ్చింది. ఆ మొక్క వెనక్కి వెళ్ళింది, చూశావా? అక్కడి నుంచి కనబడుతోందా? అన్నీ వచ్చేస్తున్నాయి. నాది మాత్రం రాదట, చూడు, మొండిది. నీ మాటే నిజం." ఆగి, నీళ్ళతోనే చెబుతున్నట్టు అన్నాడు: "ముందే తేవలసింది. ఆ రోజు బస్సు దిగగానే వెళ్ళి తేవలసింది. ఏముందని ఆగాను?"

ఆమె ఎద్దేవా చెయ్యలేదు. ఆ చూపులో మునిగిపోయి ఉంటుంది, అప్పట్లో పిలుపు కూడా వినలేదుగా అనుకున్నాడు. చివరి చేప బయటపడింది. విడివిడిగా బెదురుతున్నవన్నీ ఒక దగ్గరికి చేరి, లైటు కింద ఒకేసారి తిరిగాయి.

"అదిగో!" అన్నాడు నిదానం గట్టిగా.

వెనక మరదలి చేతిలోని టీ కప్పు నేల మీద పడి పగిలింది.

మంచం మీద ఆమె కళ్ళు తొట్టి వైపే తెరిచి ఉన్నాయి. అతను తడి చేతులతోనే ఆ మొహం పట్టుకున్నాడు. మరదలి వైపు తిరిగి అడిగాడు: "చూసిందా?"

మరదలు ఏడుస్తోంది.

"చెప్పమ్మా, చూసిందా? నేను ఇటు తిరిగి ఉన్నాను. ఒక్కటైనా వదలడం చూసిందా?"

మరదలు అప్పుడు వంటగదిలో ఉంది. ఆమెకెలా తెలుస్తుంది? "చూసే ఉంటుంది బావా," అంది. "అన్నీ చూసే ఉంటుంది."

రావలసిన వాళ్ళు వచ్చారు. మర్నాడు తీసుకెళ్ళారు. వడ్రంగి అతని భుజం వదలకుండా పట్టుకుని నడిచాడు. సాయంత్రానికి అందరూ వెళ్ళిపోయారు. మరదలు దుప్పట్లు మడతపెట్టి, పక్క ఎత్తేసి, ఏదైనా వండి తెస్తానని ఇంటికి వెళ్ళింది.

నిదానం తొట్టి దగ్గరకు వెళ్ళి చిటికెడు మేత వేశాడు. చేపలన్నీ ఒక్కసారి పైకి వచ్చి, నీళ్ళు చిటపటమనేట్టు తిన్నాయి. ఒక్కటీ చావలేదు. వాటిని చూస్తూ చూస్తూ ఉత్త మంచం పట్టె మీద కూర్చుండిపోయాడు.

పక్క సర్దేటప్పుడు మరదలు తీసి కిటికీ గట్టు మీద పెట్టిన సాసరు అలాగే ఉంది. దాని అంచున, ఒక్క ఈనె కూడా లేకుండా ఒలిచిన కమలా తొన, పైపొర ఎండి, రసం లోపలే ఉండిపోయి.