వీపు మీది దారం

చిన్న అంగీ కుట్టడం పూర్తయింది. వీపు కుట్టు ఒక్కటే మిగిలింది. ఫుకి సూదిని గుడ్డకు గుచ్చి, గోడకు చేరగిలబడింది. పురిటి నీరసం కాదది. మూడోసారి ఆశ పెట్టుకోవాల్సి వచ్చిన మనిషి అలసట.

నీలి గుడ్డ నిండా తెల్లని జనపాకులు. పత్తి ఎరగని రోజుల్లో ఆ కొండ ఊళ్ళవాళ్ళు జనపనారే కట్టుకున్నారు. పత్తి వచ్చాక నారను వదిలేశారు గానీ ఆకును అద్దకంలో దాచుకున్నారు. జనుము చీడపీడలు లేకుండా నిటారుగా ఎదుగుతుంది కదా, పిల్లలూ అలాగే ఎదగాలని. ఆశకేం, ఎంతైనా ఉంటుంది.

"ఏమే, ఇంకా అలాగే ఉందా? రేపు పిల్లదాన్ని గుడికి ఎలా తీసుకెళ్తావు?" అంది అత్తగారు షిగె, పొయ్యి ఎగదోస్తూ.

"వీపు కుట్టు వెయ్యను అత్తయ్యా."

"వెయ్యవూ? మన పెద్దవాళ్ళ బట్టలకి వీపు మధ్య అతుకుంటుంది, అదే వెనక కన్ను. పసిదాని అంగీ వీపంతా ఒకే గుడ్డ, దానికి అతుకేదే? వెనకనించి ఏ పీడొచ్చినా ఎవరు చూస్తారు?"

"పెద్దోడికి వేశాను. నిప్పుల్లో పడినా నీళ్ళల్లో పడినా కుట్టు చివర వదిలిన దారం కొస పట్టుకుని దేవుడు పైకి లాగుతాడన్నారు. వాగులోంచి వాణ్ణి తీసినప్పుడు కొస అలాగే వేలాడుతోంది. తర్వాతిదానికీ వేశాను. జ్వరం తీసుకుపోయింది. ఇంక నా వల్ల కాదు."

షిగె ఊదుగొట్టం పక్కన పెట్టింది.

"నాకు మాత్రం ఎందరు దక్కారే? మీ ఆయనొక్కడు. అందరికీ వేశాను. దేవుణ్ణి నమ్మి కాదు. వెయ్యకపోతే, పోయినవాళ్ళంతా నా వల్లే పోయారనుకుంటూ బతకాలిగా!"

ఆ మాట ఆవిడ నోట ఫుకి ఎన్నడూ వినలేదు. అంగీని ఒళ్ళోకి లాక్కుని, మెడ కింద ఎర్ర దారంతో కుట్లు వేసింది. దారం తెంపకుండా ఇంకా ఇంకా వదులుతూ పోయింది.

"అదేంటే, అంత పొడుగు? జానెడు చాలు."

"దేవుడి చెయ్యి రెండుసార్లు జారింది అత్తయ్యా."

నిద్రపోతున్న బిడ్డకు అంగీ తొడిగి, దారం కొసను తన మణికట్టుకు చుట్టుకుని, పక్కనే నడుం వాల్చింది. బిడ్డ కదిలింది. దారం సన్నగా లాగింది. ఫుకి కళ్ళు మూతపడ్డాయి.

షిగె కత్తెర తీసుకుని కాసేపు నిలబడింది. తర్వాత దాన్ని పెట్టెలో పెట్టి మూత వేసింది.