నాలుగో కంప్యూటర్‌కి చోటు

ముప్పై రెండు అని ఒక్క మాట అంటే చాలు, అంతకు మించి నేను చేయాల్సింది ఏమీ లేదు, కంప్యూటర్ షాపు జయకృష్ణ గారు ఆ కాగితం మీద రాసేసుకుంటారు, ముప్పై రెండు జీబీ మెమరీ, అందులో మూడు కంప్యూటర్లు హాయిగా పడతాయి, నాలుగో దానికి చోటు చాలదు, చాలలేదంటే అది నేను వద్దన్నట్టు కాదు కదా, పెట్టె చిన్నది, అంతే, ఫిన్నీ అడిగితే అదే చెప్తాను, అడగడు కూడా, పొద్దున పామర్రులో బస్సెక్కిస్తూ నాకు ఆ ముప్పై రెండు, అరవై నాలుగు కొటేషన్లు బోధపడవు సంపూర్ణా, నువ్వే చూసి ఏది మంచిదో చెప్పేసి రా అన్నాడు, ఇంటర్ మొదటి సంవత్సరంలోనే పెళ్లి చేసేస్తే పుస్తకాలు అటకెక్కిన మనిషిని నేను, నాకేదో తెలుసని మా ఆయన నమ్మకం, ఒళ్లో జెస్సీ బరువుగా ఉంది, మూడేళ్లు నిండిన పిల్ల, ఛాతీలో సన్నగా పిల్లికూతలు, ఉయ్యూరు దాటినప్పటి నుంచీ ఉన్నాయి, చెవి పెట్టి వింటే ఉన్నాయి, తీసేస్తే లేవు, బయట బెంజ్ సర్కిల్ ఫ్లైఓవర్ కింద హారన్లు, మబ్బు కమ్మేసి మధ్యాహ్నం రెండింటికే షాపులో లైట్లు వేశారు, ఇలాంటి రోజు చెరువులకి మంచిది కాదు, ఎండ లేకపోతే నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది, రొయ్యలు గట్టు వారకి చేరి మూతులు పైకి పెడతాయి, నీళ్లని చిలికే గాలిమరలు వెంటనే తిప్పకపోతే చెరువంతా పోతుంది, రైతులు ఆక్సిజన్ అనరు, గాలి తగ్గింది అంటారు, మా వ్యాపారమంతా ఆ ఒక్క మాట మీదే, నూట నలభై చెరువుల్లో మీటర్లు పెట్టాం, గాలి తగ్గగానే మా ఆఫీసు కంప్యూటర్ ఆ రైతుకి ఫోన్ చేస్తుంది, చేసేది కంప్యూటర్, మాట్లాడేది హెప్సిబా వదిన, ఫిన్నీకి అక్క, పోయి రెండేళ్లయింది.

జయకృష్ణ గారు ఓపిగ్గానే చెప్పారు, మీ కంప్యూటర్లు నాలుగూ ముసలివైపోయాయమ్మా, మీటర్లు చూసేది ఒకటి, నీటి పరీక్షల రిపోర్టులది ఒకటి, కెమెరాలది ఒకటి, ఫోన్లు చేసేది ఒకటి, ఏది ఎప్పుడు ఆగుతుందో చెప్పలేం, నాలుగు కొత్తవి కొనే బదులు ఒక్క సర్వర్ తీసుకుని నాలుగింటినీ అందులో కాపురం పెట్టిద్దాం, ఒకటే ఇల్లు, నాలుగు వాటాలు, మధ్యలో గోడలుంటాయి కనుక పంపు దగ్గర పోట్లాటలుండవు అని ఆయనే నవ్వారు, డిస్కులు మాత్రం రెండు వేయించుకోండి, రెండింటి మీదా ఒకటే రాసుకుంటూ పోతుంది, ఒకటి పోయినా రెండోది ఉంటుంది, మెమరీ కూడా మామూలుది వద్దు, తన తప్పు తనే పట్టుకుని దిద్దుకునే రకం వేద్దాం, రేయింబవళ్లు ఆగకుండా నడవాల్సింది కదా, నేను అన్నిటికీ తలూపాను, మరి పాతవి ఏమవుతాయండీ అంటే, లోపలున్నదంతా ఉన్నదున్నట్టు ఎత్తి ఇందులో పెడతాం, డొక్కు పెట్టెలు పారేస్తాం, లోపలి దానికి ఆ సంగతి తెలియదమ్మా, తన డిస్కు తనకుంది, తన ఫ్యాను తిరుగుతోంది అనుకుంటూ ఎప్పటిలాగే పని చేసుకుపోతుంది, ఒళ్లు పోయిందని దానికి ఎవరూ చెప్పరుగా అని మామూలుగా అనేసి టీ తాగారు, జెస్సీని ఇంకాస్త దగ్గరికి లాక్కున్నాను, ఆయన గమనించలేదు, గోడ వారన బల్ల మీద మా నాలుగో కంప్యూటర్ నకలు నడుస్తోంది, పోయిన వారం ఆఫీసుకి వచ్చి దాని లోపలిదంతా ఎక్కించుకుని తెచ్చారు, చిన్న ఆకుపచ్చ దీపం ఆరుతూ వెలుగుతూ, ఊపిరి తీస్తున్నట్టు.

నూట నలభై మందికీ నూట నలభై పిలుపులు, పరీక్షకి నా నంబరుకీ ఒకటి, వదినే రికార్డు చేసింది, వారం పాటు, ఫ్యాను చప్పుడు పడకుండా కట్టేసి, తల మీంచి దుప్పటి కప్పుకుని, చెమటలు కారుతుంటే, అందరికీ ఒకటే చెప్పేస్తే పోదా వదినా అంటే, ఊరూపేరూ లేని ఆడగొంతు వినగానే లోన్ కావాలా అనే వాళ్లనుకుని కట్ చేసేస్తారు సంపూర్ణా, వరస పెట్టి పిలిస్తే లేస్తారు అంది, అందుకే ఒకరికి బాబాయ్ గారండీ, ఒకరికి పిన్నిగారండీ, ఒకరికి ఏవండీ అన్నయ్యా, ఆ తర్వాతే మీ చెరువులో గాలి తగ్గిందండీ, లేవండి, ఆమె చెప్పింది నిజమే, పోయినేడు ఫిన్నీ ఆ గొంతు వినలేక తీయించి మిషను గొంతు పెట్టిస్తే రెండు రోజుల్లో ఒకరి చెరువు పోయింది, ఫోన్ వచ్చింది గానీ కట్ చేశానయ్యా అని నెత్తి కొట్టుకున్నాడు, మళ్లీ వదినే వచ్చింది, రావడం అంటే అదే, ఆమె నంబరుతోనే, ఆ నంబరు మార్చడానికి ఎవరికీ చెయ్యి రాలేదు, గుడ్లవల్లేరు రామకోటేశ్వరరావు గారి పిలుపులో మాత్రం వెనకాల ఒక పసిపిల్ల ఏడుస్తుంటుంది, అది జెస్సీ, అప్పటికి నాలుగో నెల, నేను పక్క గదిలో ఉయ్యాల ఊపుతున్నాను, వదిన మళ్లీ చేస్తాలే అని మర్చిపోయింది, ఆయన చెరువులో గాలి తగ్గినప్పుడల్లా నా బిడ్డ నాలుగో నెల ఏడుపు అక్కడ ఏడుస్తుంది, మొన్న ఆఫీసులో స్పీకరులో అది మోగితే జెస్సీ ఆడుకునేదల్లా ఆగి ఎవరమ్మా ఆ పాప, ఎందుకు దాన్ని ఎవరూ ఎత్తుకోరు అంది, ఆ సాయంత్రమే మళ్లీ పిల్లికూతలు మొదలయ్యాయి, మందు పట్టించే మిషను పెట్టి, ప్రార్థన చేసి, నేను గోడమీది కేలెండరు తీసి చూశాను, పిలుపు వెళ్లిన తేదీలూ దీనికి ఆయాసం వచ్చిన తేదీలూ, మూడు కలిశాయి, ఏడు కలవలేదు, ఆ మూడే నాకు నిద్ర లేకుండా చేశాయి.

పైగా పోయిన గురువారం సంగతి, జయకృష్ణ గారు ఈ నకలు నడిపి చూస్తూ దాన్ని మీటర్ల నుంచి విడదీయడం మర్చిపోయారు, అక్కడ పాతదీ నడుస్తోంది, ఇక్కడ ఇదీ నడుస్తోంది, దేనికది నేనే అసలుదాన్ని అనుకుంటోంది, ఉన్నట్టుండి మబ్బు పట్టింది, రామకోటేశ్వరరావు గారు మర్నాడు ఆఫీసు మెట్ల మీద కూర్చుని చెప్పుల బురద గీక్కుంటూ చెప్పారు, మీ ఆడపడుచు నిన్న రెండుసార్లు పిలిచిందమ్మా, ఒకసారి లేచి గట్టు మీదకెళ్లి మరలు తిప్పానా, ఇంకా పంచె తడి ఆరలేదు, మళ్లీ పిలిచింది, వెనకాల పిల్ల ఏడుపు, వస్తున్నా తల్లీ వచ్చేశాను ఇక్కడే ఉన్నాను అన్నాను, కంప్యూటరని తెలియకనా, సమాధి దగ్గర మట్టి వేసిన చెయ్యే కదా ఇది, అయినా ఆడపిల్ల అన్నిసార్లు పిలుస్తుంటే పలక్కుండా ఎట్టా ఉంటావమ్మా అని నవ్వారు, నేను నవ్వలేదు, ఇద్దరు వదినలు, ఒకే గొంతు, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా, ఇద్దరు నా బిడ్డలు ఏడుస్తూ, ఆ క్షణమే అనుకున్నాను, ముప్పై రెండు.

ఏం వేయమంటారమ్మా, ముప్పై రెండా, అరవై నాలుగా, జయకృష్ణ గారు పెన్ను పట్టుకుని ఉన్నారు, నాలుగూ కావాలంటే అరవై నాలుగు, ఫోన్లది మానేద్దామంటే ముప్పై రెండు సరిపోతుంది, ఆ ఫోన్ల పని మీటర్ల దానికే అప్పగిద్దాం, గొంతు మళ్లీ మీరైనా రికార్డు చేసుకోవచ్చులెండి, ఆగండి, ఒక్కసారి పని చేస్తోందో లేదో చూపిస్తాను, ఈసారి మీటర్లకి కలపలేదు, మీ నంబరొక్కటే ఉంచాను అని బల్ల దగ్గర ఏదో నొక్కారు, నా సంచిలో ఫోన్ మోగింది, తీశాను, తెర మీద హెప్సిబా వదిన అని పేరు, నేను నేనుగా ఏమీ చేయలేదు, నా బొటనవేలు దానంతట అదే ఎర్ర గుర్తు మీదకి వెళ్లింది, వెళ్లి అక్కడ ఆగింది, ఆ దారి దానికి తెలుసు, అప్పుడూ ఇట్లాగే వెళ్లింది, రెండేళ్ల కిందట, మే నెల, మధ్యాహ్నం, జెస్సీ గంట సేపు ఏడ్చి ఏడ్చి అప్పుడే నిద్రపోయింది, ఫోన్ మోగింది, ఇదే పేరు, పిల్ల ఉలిక్కిపడింది, కట్ చేశాను, మళ్లీ మోగింది, మళ్లీ కట్ చేసి ఫోన్ దిండు కింద పెట్టాను, వదిన ఆ వేళ బంటుమిల్లి వైపు చెరువు గట్టు మీద ఒక్కతే మీటరు బిగిస్తోంది, కాలి మడమ మీద పాము కాటు, రామకోటేశ్వరరావు గారు అటుగా వచ్చి చూసి బండి మీద గుడివాడ తీసుకెళ్లేసరికి గంటన్నర, ముందే తెచ్చి ఉంటేనా అన్నాడు డాక్టరు, ఆమె ఫోను చెరువులో పడిపోయింది, నా ఫోనులో ఆ రెండు పిలుపుల గీతలు మిగిలాయి, ఎవరూ అడగలేదు, నేను చెప్పలేదు, ఇంకొకరికి చేసి ఉండొచ్చు కదా అనుకున్నాను, ఇంట్లో ఉండేదాన్ని నేనే కాబట్టి నాకే చేసింది, పిల్లికూతలంటూ, కేలెండరంటూ, ఈ రెండేళ్లూ నేను కాపలా కాసింది బిడ్డకి కాదు, ఆ రెండు గీతలకి, ఫోన్ ఇంకా మోగుతోంది, జెస్సీ తల ఎత్తి చూసి అత్త ఫోనా అమ్మా అంది, ఆఁ అన్నాను, ఎత్తాను, సంపూర్ణా, ఫిన్నీని లేపు, చెరువులో గాలి తగ్గింది, లేవండి, కాస్త ఆయాసపడుతూ, దుప్పటి కిందనుంచి, చెప్పండి వదినా అన్నాను, నా మాట వినపడదని తెలుసు, అయినా అన్నాను, జయకృష్ణ గారు నా మొహం చూసి పెన్ను కింద పెట్టేశారు, అరవై నాలుగు రాయండి అన్నాను, మొదటిసారి ఆమె ఎందుకు పిలుస్తోందో తెలియక కట్ చేశాను, ఈ కాగితం మీద ముప్పై రెండు అని రాయించి ఉంటే, తెలిసి కట్ చేసినదాన్ని అయ్యేదాన్ని.