రోసమ్మ టమాటా వార్డు

మా ఆవిడ రోసమ్మ ఎదురుగా తుమ్మాలన్నా భయమే. నర్సు ఉద్యోగం నుంచి రిటైరైంది గానీ, నర్సుతనం నుంచి కాలేదు. తుమ్మితే ఆవిరి, దగ్గితే కషాయం, ఊరికే కూర్చుంటే బీపీ మిషను. ఏ.ఎస్. రావు నగర్‌లో మా వీధి మొత్తానికి జ్వరం చూసేది ఆవిడే. అలాంటి మనిషి ఉన్న ఇంటి డాబా మీదికి మా అమ్మాయి హదస్సా జబ్బు పడాల్సిన మొక్కల్ని తెచ్చిపెట్టింది.

హదస్సా ఓ చిన్న విత్తనాల కంపెనీలో కొత్త టమాటా రకాలు తయారు చేస్తుంది. టమాటాకు ఆకుముడత అని ఒక తెగులుంది. తెల్లదోమ ఆ వైరస్‌ను మోసుకొస్తుంది. చిగుళ్లు ముడుచుకుపోతాయి, మొక్క గిడసబారుతుంది, ఇక కాపు మాట మర్చిపోవాల్సిందే. అడవిలో పెరిగే టమాటా బంధువొకటి ఈ తెగులును తట్టుకుంటుంది. దాని కాయ మాత్రం నోట్లో పెట్టుకోలేం. దానిలోని తట్టుకునే జన్యువును, రోసమ్మ ఏళ్ల తరబడి విత్తనం దాచుకుంటున్న పుల్లటి నాటు టమాటాలోకి తేవాలని హదస్సా పంతం పట్టింది. రెండింటినీ కలిపి, వాటి పిల్లల పిల్లల్ని కుండీల్లో వేసింది. పోల్చి చూడ్డానికి వరస చివర రోసమ్మ నాటు మొక్కలు కూడా కొన్ని పెట్టింది.

"నలుగురిలో ముగ్గురికి ఆ జన్యువు వస్తుంది డాడీ, ఒకరికి రాదు. తెగులొస్తేనే ఎవరికి వచ్చిందో బయటపడుతుంది" అంది.

నాకు వెంటనే అర్థమైంది. మా అన్నదమ్ములం నలుగురిలో మా నాన్న మొండితనం ముగ్గురికి వచ్చింది. రానివాడు బుల్లబ్బాయి ఒక్కడే, వాడే సుఖంగా ఉన్నాడు.

జన్యువుందో లేదో ల్యాబులోనూ చూడొచ్చట. కానీ కంపెనీ యజమాని విజయేందర్ కాగితాలు నమ్మే రకం కాదు, చెట్టు చూపించమంటాడు. ఈసారి చూపించలేకపోతే టమాటా పని ఆపేస్తానని ముందే చెప్పాడు. అందుకే హదస్సా మమ్మల్నిద్దరినీ నిలబెట్టి, ఎవరూ మొక్కల్ని ముట్టుకోవద్దని గట్టిగా చెప్పి ఆఫీసుకు వెళ్లేది.

కొన్ని వారాలు గడిచాయి. ఒక ఆదివారం చర్చి నుంచి రాగానే డాబా ఎక్కిన హదస్సా పెట్టిన కేకకు నేను చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాను. మొక్కలన్నీ పచ్చగా నవనవలాడుతున్నాయి. ఒక్కదానికీ ముడత లేదు. ఆ సంతోషంలో అక్కడి నుంచే విజయేందర్‌కు ఫోన్ చేసేసింది. ఆయన "శభాష్ బిడ్డా!" అన్నది నాకూ వినిపించింది. నేను స్వీట్లకు బయల్దేరబోతుంటే, ఫోటోలు తీస్తూ వరస చివరికి వెళ్లిన పిల్ల అక్కడే ఆగిపోయింది.

"డాడీ, అమ్మ నాటు టమాటా ఎందుకు ఇంత బావుంది?"

"బావుంటే కూడా తప్పేనా తల్లీ?"

"తప్పే. దానికి ఆ జన్యువు లేదు. అది పడిపోవాలి. అది కూడా బావుందంటే తెగులు రానేలేదని అర్థం. పరీక్ష పెట్టకుండా అందర్నీ పాస్ చేసినట్టు!"

పక్కింటి కాంతమణి డాబా మీద టమాటాలు ముడతతో మూలుగుతుంటే, గోడ దాటి మా వైపు ఒక్క దోమా రాలేదంటే ఎలా నమ్మేది? ఇద్దరం ఒకేసారి రోసమ్మ వైపు తిరిగాం. ఆవిడ కొంగు సర్దుకుంది.

అసలు సంగతి అప్పుడు బయటపడింది. నేను మధ్యాహ్నం కునుకు తీసేటప్పుడు ఆవిడ డాబా ఎక్కి, మొక్కలకు పాత వాయిల్ చీరలు కప్పి, వేపనూనె చల్లి, తడి దూదితో ఆకుల అడుగుభాగం తుడిచేదట. పిల్ల వచ్చేలోపు అన్నీ సర్దేసేదట.

"ముట్టుకోవద్దన్నాను కదమ్మా!"

"అందుకేగా గ్లౌజులు వేసుకున్నాను" అంది రోసమ్మ, మహా నిజాయితీగా.

నాకు నవ్వాగలేదు. హదస్సా కళ్లలో నీళ్లు చూసి ఆపుకున్నాను. వెంటనే తనే విజయేందర్‌కు మళ్లీ ఫోన్ చేసి, పొరపాటు జరిగింది సార్, పరీక్ష చెల్లదు అని చెప్పింది. దాచిపెడితే ఎవరికీ తెలిసేది కాదు. నా కూతురు దాచలేదు. అప్పుడు నాకు ఎంత గర్వంగా అనిపించిందో!

"ఒక్క నెల ఇస్తా బిడ్డా. గప్పటికి తేలకపోతే టమాటా బంద్, మిర్చి షురూ" అన్నాడాయన.

దోమ కోసం ఎదురుచూసే టైము లేదు. ముడతపడిన చిగురు తెచ్చి ప్రతి మొక్కకూ అంటు కడితే, రసంతో పాటు వైరస్ కూడా ఎక్కుతుందని హదస్సా చెప్పింది. చేసిన తప్పు దిద్దుకోవాలని రోసమ్మ తనే కాంతమణి దగ్గరికి బయల్దేరింది, తోడుగా నేను.

"నా చెట్లకు రోగమా? ఏం మాట్లాడుతున్నవక్కా? కొత్త చిగురు గట్లనే ఉంటది" అని కాంతమణి మొహం గంటు పెట్టుకుంది.

"ఆ రోగం దొరక్కపోతే మా పిల్ల కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరే కాంతమణీ!"

"అయ్యో, గట్లనా? జెర ముందుగాల చెప్పొద్దా! మొత్తం తీస్కపో. నా చెట్లకున్నంత రోగం ఈ గల్లీల ఎవ్వరికీ లేదు" అని బుట్ట నిండా కోసిచ్చింది.

హదస్సా ఒక మొక్కకు కట్టి చూపించింది. కాండానికి సన్నని గాటు పెట్టాలి, చెక్కిన చిగురును అందులో దూర్చాలి, టేపు చుట్టాలి. కంగారులో రెండో మొక్కకే గాటు వంకరగా పెట్టింది. రోసమ్మ బ్లేడు అందుకుంది, కానీ గాటు పెట్టలేకపోయింది.

"ఉద్యోగమంతా రోగాలు తగ్గించిన చేతులివి. వీటితోనే అంటించమంటావా?"

"ఏది నిలబడుతుందో తెలిస్తే రేపు రైతు చేను నిలబడుతుందమ్మా."

ఆ మాటతో రోసమ్మ వంగింది. ఇక చూడాలి ఆ చేతివాటం! నేను టేపు ముక్కలు కత్తిరించి ఇస్తూ కాంపౌండరు ఉద్యోగం చేశాను. చివర్లో తన నాటు మొక్కల దగ్గర మాత్రం మళ్లీ ఆగింది.

"వీటికి లేదని తెలుసు కదా. మళ్లీ వీటికెందుకే?"

"ఇవి పడకపోతే, మిగతావి నిలిచాయని ఎవరు నమ్ముతారమ్మా?"

రోసమ్మ కళ్లు మూసుకుని ఏదో గొణుక్కుంది. తర్వాత కోసింది.

ఆ వారం స్త్రీల ప్రార్థన కూడికలో, తమ టమాటాలకు తెగులు రావాలని ప్రార్థించమని కోరిందట. కూడిక నడిపించే దేవకృప "రాకూడదనా అక్కా?" అని రెండుసార్లు అడిగి, చివరికి "ప్రభువా, నీ చిత్తమే" అని ముగించిందట.

తెగులు వచ్చింది. మొదట నాటు టమాటా చిగుళ్లు ముడుచుకున్నాయి. "వచ్చింది డాడీ, వచ్చింది!" అని హదస్సా గంతులేసింది. రోసమ్మ మాత్రం చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. తర్వాత మిగతా వాటిలో కొన్ని వాలాయి, అటూ ఇటూగా నాలుగో వంతు. మిగిలినవి అదే అంటును ఒంటి మీద మోస్తూ పచ్చగా నిలబడి పూత పూశాయి.

నెలాఖరుకు విజయేందర్ వచ్చాడు. చచ్చుబడిన మొక్కనీ పచ్చటి మొక్కనీ మార్చి మార్చి చూశాడు.

"గీ మంచిదానికి సుత గదే రోగం అంటించిన్రా?"

"నేనే కట్టాను సార్" అంది రోసమ్మ.

ఆయన టేపు దగ్గర వేలితో తడిమి, తలూపాడు. "టమాటా బంద్ గాదు బిడ్డా. పొలంల జాగ ఇస్తా, షురూ చెయ్."

స్వీట్లు ఈసారి నిజంగానే తెచ్చాను. కాంతమణికి రెండు ఎక్కువే ఇచ్చాం. సాయంత్రం హదస్సా నెమ్మదిగా, ముడతపడిన వాటిని పీకి తగలబెట్టాలమ్మా, నీ నాటువి కూడా, అని చెప్పింది.

"ఎప్పుడు?"

"రేపు పొద్దున."

"వాటితో నీ పని అయిపోయింది కదా? అయితే ఇవాళ్టికి నావి" అంది రోసమ్మ.

చెంబుతో నీళ్లు తెచ్చి, ఒక్కో నాటు మొక్క మొదట్లో పోయడం మొదలుపెట్టింది. ముడుచుకున్న ఆకుల మీది దుమ్ము తడిగుడ్డతో తుడిచింది. నా నోరు ఊరుకోదు కదా, రేపు పీకేసే మొక్కకు నీళ్లెందుకే అన్నాను.

"తెల్లారేదాకా ఉండరన్న వాళ్లకు కూడా వార్డులో దాహం తీర్చేదాన్నండీ" అంది, తలెత్తకుండానే.

చెంబు ఖాళీ అయింది. నేను తీసుకెళ్లి నింపుకొచ్చాను.