ముడుల టేపు

టేపు మెడలో వేసుకుని, కత్తెరను గుడ్డతో తుడిచి పక్కన పెట్టి, కుట్టుమిషను కింద పడ్డ నిన్నటి దారపు ముక్కల్ని ఒక్కొక్కటే ఏరి డబ్బాలో వేస్తున్నాడు మాస్టారు. డబ్బా నిండినప్పుడల్లా ఆ ముక్కల్ని కుర్చీ దిండులో కూరడం ఆయన అలవాటు. అంటే ఇరవై ఏడేళ్ళ దారపు ముక్కల మీద కూర్చుని ఉన్నాడన్నమాట మనిషి. నిజానికి ఇవాళ ఏరనక్కర్లేదు. రేపటి నుంచి ఈ గదిలో కుట్టుమిషనే ఉండదు. అయినా చెయ్యి ఊరుకుంటేగా!

అది ఒంటికి సొంపులు దిద్దే ఆసుపత్రి. ముక్కు సరిచేయించుకునేవాళ్ళూ, కొవ్వు తీయించుకునేవాళ్ళూ, కోత లేకుండా మిషన్లతో పని కానిచ్చుకుందామనుకునేవాళ్ళూ వస్తుంటారు. పైన మూడంతస్తుల్లో తెల్లటి సోఫాలు, నిలువుటద్దాలు, మెత్తగా మాట్లాడే మనుషులు. మాస్టారి గది మాత్రం మెట్ల కింద సగం నేలలోకి దిగి ఉంటుంది. దాని కిటికీ సరిగ్గా బయటి కాలిబాట ఎత్తున ఉండటంతో, వీధిలో పోయేవాళ్ళు మోకాళ్ళ కింద నుంచే కనపడతారు. పైభాగం ఎలా ఉన్నా ఫరవాలేదు, ఆ పిక్కల నడకను బట్టి ఎవరు తొందరలో ఉన్నారో, ఎవరికి చెప్పు కరుస్తోందో ఇట్టే చెప్పేస్తాడు.

ఆయన పని బిగుతు తొడుగులు కుట్టడం. కొవ్వు తీయించుకున్నాక వాపు దిగేదాకా, చర్మం కుదురుకునేదాకా ఒంటిని పట్టి ఉంచే తొడుగు ఒకటి వేసుకోవాలి. అది వదులైతే పని చెయ్యదు, మరీ బిగుతైతే ప్రాణం తీస్తుంది. అందుకని ఒక్కొక్కరికీ కొలిచి కుట్టేవాడు. ఇప్పుడు అట్టపెట్టెల్లో తయారుగా వస్తున్నాయి. చిన్నది, మధ్యరకం, పెద్దది, మరీ పెద్దది. ఆ పెట్టెలు అప్పుడే గోడ వారన పేర్చేశారు.

మాస్టారికేం బాధ లేదు. అరవై ఐదు నిండాయి. "సూది బెజ్జంతో రోజూ నేనే పోట్లాడాలా, కొన్నాళ్ళు వేరేవాళ్ళు పోట్లాడనీ," అన్నాడు మొన్న డాక్టరమ్మతో. ఇంట్లో ఇల్లాలి కోటు ఒకటి పదకొండేళ్ళుగా ఒంటిచెయ్యితో వేలాడుతోంది. రెండో చెయ్యి కుట్టే తీరిక ఈ మహానుభావుడికి చిక్కలేదు. "వచ్చే శీతాకాలానికైనా నా రెండో భుజం వెచ్చబడుతుందా?" అని పొద్దున కూడా దెప్పింది. తప్పకుండా, అన్నాడు. సోమవారం నుంచి కోటు మీదే ఉంటాననుకున్నాడు.

పెట్టెల బాధ్యత చిన్న నర్సుది. సైజు తెలుసుకోవాలంటే కొలవాలి కాబట్టి వారం నుంచి మాస్టారి దగ్గర నేర్చుకుంటోంది. చురుకైన పిల్లే, కాకపోతే గొంతు ఎక్కువ. తొమ్మిదింటికి వచ్చిన మొదటి మనిషి ఛాతీ కొవ్వు తీయించుకోబోయే బస్సు డ్రైవరు. అతని చుట్టూ టేపు తిప్పి, "నలభై ఆరు!" అని కేకేసింది. డ్రైవరు చొక్కా కోసం చెయ్యి చాచాడు. మాస్టారు పెదవుల మీద వేలు పెట్టుకుని, టేపు తన చేతిలోకి తీసుకున్నాడు.

ఆ టేపు అందరి టేపుల్లాంటిది కాదు. అంకెలున్న వైపు ఒంటికి ఆనించి, ఖాళీ వైపు బయటికి తిప్పి కొలుస్తాడు. ఖాళీ వైపు అంచున అరంగుళానికొక ఎర్రదారపు ముడి ఉంటుంది. ఐదంగుళాలకొకసారి జంట ముడి. ఆయన వేళ్ళు వాటి మీదుగా జరుగుతాయి, అంతే. ఎంతొచ్చిందో ఆయనకే ఎరుక. తర్వాత గోడవైపు తిరిగి చీటీ మీద రాసుకుంటాడు. ఎవరైనా ఆగలేక అడిగితే, "తొడుగుకి సరిపడా వచ్చింది," అంటాడు.

ఇలా ఎందుకంటే, ఆసుపత్రికి రాకముందు ఆయనకి వీధిలో దుకాణం ఉండేది. ఆయన కొలత అరిచేవాడు, భార్య పుస్తకంలో రాసేది. ఒకరోజు ఒక బొద్దుపిల్ల అత్తగారితో వచ్చింది. "నడుము నలభై రెండు!" అన్నాడు, అలవాటుగా. బెంచీ మీదున్నవాళ్ళు కిసుక్కుమన్నారు. అత్తగారు కూడా నవ్వింది. ఆ పిల్ల తలొంచుకుని వెళ్ళిపోయింది. తెచ్చిన నీలం గుడ్డ అక్కడే ఉండిపోయింది. మూడు నెలలు చూశారు, రాలేదు. ఆ మూడు నెలలూ మాస్టారికి ముద్ద మింగుడు పడలేదు. చివరికి భార్యే టేపు తీసుకుని ముడులు వెయ్యడం మొదలెట్టింది. "ఇక నోరు మూసుకుని కొలువు," అంది. ఇప్పటికి మూడు టేపులు అరిగిపోయాయి, ఇది నాలుగోది. ముడులన్నీ ఆవిడవే.

డ్రైవరు చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ మెల్లగా అడిగాడు. "మాస్టారూ, తీసిన కొవ్వు మళ్ళీ వస్తుందా?"

"తీసింది రాదట బాబూ. మిగిలినదాన్ని నువ్వు మేపితే అది మాత్రం పెరుగుతుందట. డాక్టరమ్మ మాటే చెబుతున్నా, నాదేం లేదు."

డాక్టరమ్మ దగ్గర అడగడానికి మొహమాటపడే ప్రశ్నలన్నీ మెట్లు దిగి ఈ గదికే వస్తాయి. మచ్చ కనపడుతుందా? ఎన్నాళ్ళు సెలవు పెట్టాలి? చల్లదనంతో కొవ్వు తగ్గించే మిషను ఉందటగా, కోత లేకుండా దాంతో సరిపెట్టుకోవచ్చా? ఇవన్నీ చేయిస్తే బరువు తగ్గుతానా? తనకు తెలిసింది చెబుతాడు, తెలియంది పైకి పంపుతాడు. ఒక ప్రశ్నకు మాత్రం ఆయన జవాబు డాక్టరమ్మ జవాబు కన్నా మేలని పైన కూడా ఒప్పుకుంటారు. "ఆపరేషనయ్యాక ఏడుపొస్తోందండీ, అద్దం చూడలేకపోతున్నా," అంటే, "మూడో రోజు అందరూ ఏడుస్తారమ్మా. ఐదో రోజు తొడుగు బిగుతని నన్ను తిడతారు. పదిహేనో రోజుకి ఎవరికీ నేను గుర్తుండను," అంటాడు. ఏడ్చేవాళ్ళు ఆ మాటకి నవ్వేస్తారు.

పదకొండింటికి లెక్కల టీచరు వచ్చింది. నలభై దాటిన మనిషి. తొడల కొవ్వు తీయించుకుని ఆరు రోజులైంది. తొడుగు కొలిచిన రోజున, "నాకు అంకెలంటే భయం లేదండీ, చెప్పేయండి," అంటూనే కళ్ళు గట్టిగా మూసుకున్న ఘనురాలు. ఆవిడకు కుట్టినదే మాస్టారి చేతి ఆఖరి తొడుగు. అది సరిగ్గా కుదిరిందని చూసుకుని, సాయంత్రం దర్జాగా వెళ్ళిపోదామనుకున్నాడు.

"మాస్టారూ, మీ కుట్టు ఇలా ఉంటుందనుకోలేదు," అంది, కుర్చీలో కూలబడుతూ. "కుడికాలు హాయిగానే ఉంది. ఎడమకాలు కోసేస్తోంది."

ఇరవై ఏడేళ్ళలో ఒక్క తొడుగూ తిరిగి రాలేదు. వెళ్ళిపోయే రోజునా రావాలి? చిన్న నర్సు ఆవిడ్ని తెర వెనక్కి తీసుకెళ్ళి తొడుగు విప్పించి తెచ్చింది. దాన్ని తిరగేసి బల్ల మీద పరిచి, రెండు కాళ్ళనూ ఒకదానిమీద ఒకటి పెట్టాడు. అంచుకి అంచు కలిసింది. టేపుతో కొలిచాడు. మళ్ళీ కొలిచాడు. దారం అంత తేడా కూడా లేదు.

హమ్మయ్య అనుకున్నాడు, సిగ్గు లేకుండా. తప్పు తనది కాదు. ఆ సంతోషం రెండు నిమిషాలు కూడా నిలవలేదు. గుడ్డలో తేడా లేకపోతే మరి తేడా ఎక్కడున్నట్టు?

ఆవిడ ఆసుపత్రి గౌను వేసుకుని వచ్చి కూర్చుంది. మాస్టారు నేల మీద మోకాళ్ళూని, అడిగి, టేపు చుట్టాడు. కుడి పిక్క. ఎడమ పిక్క. ఎడమవైపు వేలు జంట ముడిని కూడా దాటి ముందుకు జరిగింది. చర్మం బిగిసి మెరుస్తోంది, వేళ్ళకి వెచ్చగా తగిలింది.

"ఇక్కడ నొప్పిగా ఉందామ్మా?"

"నిన్నట్నుంచి పిక్క పట్టేసినట్టుంది. వారమంతా పడుకునే ఉన్నాగా, అందుకేనేమో. వాపు మామూలేనని మీరే అన్నారు కదండీ!"

అన్నాడు, నిజమే. కానీ చాలా ఏళ్ళ కిందట డాక్టరమ్మ ఒకసారి ఈ గుమ్మంలో నిలబడి చెప్పింది, "మాస్టారూ, ఎప్పుడైనా ఎవరికైనా ఒక్క కాలే వాస్తే వెంటనే నాకు చెప్పండి. నేనేం చేస్తున్నా సరే ఆపి చెప్పండి." అలాంటి అవసరం ఇన్నేళ్ళలో ఒక్కసారీ రాలేదు.

"ఒకసారి పైన చూపించుకుందామమ్మా."

"వద్దు!" ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుంది. "మూడింటికి బస్సు మాస్టారూ. ఎల్లుండి మా చెల్లెలి పెళ్ళి. పద్నాలుగు గంటల ప్రయాణం. అమ్మ పోయాక దాన్ని నేనే పెంచాను. ప్రయాణం సంగతి డాక్టరమ్మకి చెప్పనేలేదు, తెలిస్తే గడప దాటనివ్వదు. ఎడమవైపు నాలుగు కుట్లు విప్పండి, చాలు. మీరు ఎవరి కొలతా ఎవరికీ చెప్పరటగా. దయచేసి నాదీ చెప్పకండి."

కుట్లు విప్పే కొక్కెం ఆయన చేతిలోనే ఉంది. నాలుగు కుట్లంటే ఎంతసేపు పని? ఆవిడ సంతోషంగా వెళ్తుంది, తనూ మంచిపేరుతో ఇంటికి పోతాడు. బల్ల అంచున వదిలేసిన ఆ నీలం గుడ్డ కళ్ళముందు కదిలింది. ఒకరి అంకె బయటపెడితే ఏమవుతుందో ఆయనకి తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? కాలు మాత్రం ఇంకా వేళ్ళకి వెచ్చగానే తగులుతున్నట్టుంది.

కొక్కెం బల్ల మీద పెట్టేశాడు. "తల్లీ, నన్ను తర్వాత తిట్టుకో," అన్నాడు. ఆవిడ్ని కదలనివ్వొద్దని చిన్న నర్సుకి చెప్పి మెట్లెక్కాడు.

పై హాలు నిండా జనం. ఆ చివర డాక్టరమ్మ ముఖానికి మాస్కు కట్టుకుని ఆపరేషన్ గదిలోకి అడుగు పెడుతోంది. తలుపు మూసుకుంటే ఇంకో మూడు గంటల పాటు తెరుచుకోదు. మాస్టారు పరుగెత్తే వయసులో లేడు. అందుకని నిలబడ్డచోటు నుంచే, టేపుకి ముడులు పడ్డప్పటి నుంచీ వాడని గొంతుతో అరిచాడు.

"డాక్టరమ్మా! లెక్కల టీచరు! కుడి పిక్క పద్నాలుగు! ఎడమ పిక్క పదిహేనున్నర!"

తెల్లసోఫాల మీదున్న తలలన్నీ ఇటు తిరిగాయి. ఎవరో కిసుక్కుమన్నారు కూడా. డాక్టరమ్మ నవ్వలేదు. మాస్కు లాగేసి మెట్లవైపు గబగబా నడిచింది.

స్కానింగులో తేలింది. ఎడమకాలి లోపలి రక్తనాళంలో రక్తం గడ్డకట్టింది. ఇంకా పైకి పాకలేదు. మందు మొదలుపెట్టి మంచం మీద పడుకోబెట్టారు. డాక్టరమ్మే కిందికొచ్చి చెప్పింది. "ఈ కాలితో పద్నాలుగు గంటలు బస్సులో కూర్చుని ఉంటే అది ఊపిరితిత్తులకి చేరేది కావచ్చు మాస్టారూ. చేరితే ఆవిడ బస్సు దిగేదో లేదో నేను చెప్పలేను."

మాస్టారు తలూపాడు. అన్నం డబ్బా తెరిచాడు గానీ తినలేకపోయాడు. సంతోషంతోనే తినలేకపోయాడు, అది వేరే సంగతి.

నాలుగింటికి భయం భయంగా పైకెళ్ళాడు. లెక్కల టీచరు గోడవైపు తిరిగి పడుకుని ఉంది.

"అందరూ విన్నారట," అంది, ఇటు తిరక్కుండానే.

"విన్నారమ్మా. మన్నించు."

"పిక్కలేగా చెప్పారు? నడుము చెప్పలేదుగా?"

"అయ్యో, చచ్చినా చెప్పను."

ఆవిడ భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకుని బెంబేలెత్తాడు. ఇటు తిరిగితే నవ్వుతోంది, ఏడుపూ ఉందందులో. "చెల్లి ఫోన్లో చెడామడా తిట్టింది. కాలి సంగతి దాచినందుకట. తాళి కట్టించుకుని తిన్నగా మొగుడితో సహా ఈ మంచం దగ్గరికే వస్తుందట." కళ్ళు తుడుచుకుంది. "ఇంతకీ మాస్టారూ, నా నడుము ఎంత?"

"తొడుగుకి సరిపడా."

"మొండిఘటం," అంది ఆవిడ.

అయిదింటికి పైన అందరూ కలిసి నాలుగు మంచి మాటలు చెప్పాలనుకున్నారు. కానీ పొద్దున ఆగిన ఆపరేషన్ అప్పుడు జరుగుతోంది, డాక్టరమ్మ లోపలుంది. మాస్టారు అదే నయమనుకున్నాడు. పొగడ్తలు వినడం ఆయనకి చొక్కా లేకుండా నిలబడటంతో సమానం. కత్తెర సంచిలో వేసుకున్నాడు. దిండు చంకలో పెట్టుకున్నాడు. కుట్టుమిషను మీద చెయ్యి ఒకసారి ఉంచాడు. దాన్ని రేపు బండివాడు ఇంటికి చేరుస్తాడు. టీచరు తొడుగును మడిచి, వాపు దిగాక ఇమ్మని చిన్న నర్సుకి అప్పజెప్పాడు.

"వెళ్ళొస్తానమ్మా," అన్నాడు.

చిన్న నర్సు గుమ్మం దాకా వచ్చి, వెనక్కి చూసి, "మాస్టారూ, టేపు మర్చిపోయారు!" అంది.

"మర్చిపోలేదు."

అంత గొంతున్న పిల్ల, మెల్లగా, "ఇక నోరు మూసుకునే కొలుస్తాను మాస్టారూ," అంది. ఆయన ఆ పిల్ల తల మీద చెయ్యి వేసి మెట్లెక్కిపోయాడు.

కాసేపటికి కిటికీలో ఆయన కాళ్ళు కనిపించాయి. అరిగిన చెప్పులు, కాస్త వంకర పిక్కలు, తొందరేమీ లేని నడక. ఒంటిచెయ్యి కోటు ఎదురుచూస్తున్న ఇంటివైపు సాగి, కిటికీ చివర దాటిపోయాయి.

అట్టపెట్టెల పైన గోడమేకుకి టేపు వేలాడుతోంది, అంకెలు గోడవైపు, ఎర్రటి ముడులు బయటికి.