సల్ఫైడు తిన్న మీసం

తొండియార్‌పేటలో సోడియం సల్ఫైడు కాచే షెడ్డుకు కామేశం మేస్త్రీ. దేవుడు అతనికి చదువివ్వలేదు, ఆస్తి ఇవ్వలేదు. మీసం మాత్రం ఇచ్చాడు. పెళ్లి సంబంధం కోసం వ్యాసర్పాడి భాష్యంగారింటికి పంపిన ఫొటోలో మనిషికన్నా మీసమే ముందు కనపడుతుంది. ఈ సంబంధం కూడా తప్పిపోతే ఇక తనకు పిల్లనిచ్చేవాడు లేడని కామేశానికి తెలుసు. వయసు అలాంటిది.

సల్ఫైడు పని చూడ్డానికి వంటలాగే ఉంటుంది. సోడియం సల్ఫేటులో బొగ్గుపొడి కలిపి కొలిమిలో ఎర్రగా కాల్చాలి. ఆ ముద్దను వేడినీళ్లలో కరగేసి, తేటను మరగబెట్టి డ్రమ్ముల్లో పోస్తే పసుప్పచ్చటి గడ్డ కడుతుంది. మూత తీసిపెడితే గాలిలో చెమ్మ తాగి కారిపోతుంది. కుళ్లిన గుడ్డు కంపు మాత్రం ఎటూ పోదు. తోళ్ల షెడ్లవాళ్లు దాన్నే ఎగబడి కొంటారు. తోలు మీది వెంట్రుకల్ని గుజ్జు చేసి ఊడదీస్తుంది మరి.

తేట చిక్కబడిందో లేదో కామేశం గరిటెలోకి తీసి చల్లారనిచ్చి, రెండు వేళ్ల మధ్య రాసి, జారుడును బట్టి చెప్పేవాడు. శనివారం అలాగే వేళ్లు ముంచాడు. రేపటి పెళ్లికొడుకువి గదప్పా అంటూ పక్కనున్న కన్నియప్పన్ అతణ్ణి మునగచెట్టెక్కించాడు. అంతే, చెయ్యి మీసం మీదికి పోయింది. ఒక్క మెలి తిప్పాడు. మంట పుట్టి కుళాయి దగ్గరికి పరిగెత్తి కడుక్కునేసరికి కుడివైపు మీసం వేళ్లకంటుకుని వచ్చేసింది. ఎడమవైపుది మంగలి తీసేసి న్యాయం చేశాడు.

ఆదివారం పెళ్లిచూపుల్లో భాష్యంగారు ఫొటోనూ మనిషినీ మార్చి మార్చి చూశారు. ఎవరి ఫొటోనో పంపి మోసం చేశారన్నారు. కామేశం ఉన్నదున్నట్టు చెప్పాడు. నిజం చెప్పినవాణ్ణి లోకం ఎన్నడు నమ్మింది గనక? మీసం కరిగిపోవడమేమిటని పెద్దాయన పైపంచె దులుపుకుని లేచారు.

తలుపు పక్కనున్న పెళ్లికూతురు మృణాళిని అప్పుడు నోరు విప్పింది.

"నాయనా, ఆ ఫొటో చూసే నేను వద్దంటిని గదా, నువ్వే వినకుండా పిలిపిస్తివి. ఫొటోలో ఆయనైతే నాకు ఇప్పుడూ వద్దు. ఈడ కూర్చున్నాయనైతే సెరి."

భాష్యంగారు మళ్లీ కూర్చున్నారు. ఫొటో ఒళ్లో పెట్టుకుని కామేశం వైపు తిరిగారు.

"ఇంతకీ ఎవురప్పా నువ్వు?"

కామేశం పొక్కిన పైపెదవి తడుముకున్నాడు. నెయ్యి రాసి పెంచిన మీసం. నెల తిరిగితే మళ్లీ వస్తుంది.

"మీ పాప ఎవురంటే వాణ్ణే సార్," అన్నాడు.