ఆరునొక్కటి

కోడి కూసేసరికి బక్కమ్మ గుమ్మి దగ్గర కూర్చునేది. వెదురుతో అల్లి, పేడతో అలికిన నిలువెత్తు గుమ్మి అది. అడుగున గుడ్డ కుక్కిన బెజ్జం. గుడ్డ లాగితే జొన్నలు జలజలా రాలేవి. ఆమె సోలతో కొలిచి చేటలో పోసేది.

“లాభం, రెండు, మూడు...”

ఒకటి అనకూడదు, లాభం అనాలి. అది చాలా ఊళ్ళలో ఉన్నదే. కానీ ఆరు దాటాక బక్కమ్మ గొంతు తగ్గించి, గుమ్మి వైపు ఓ కంట చూస్తూ “ఆరునొక్కటి” అనేది. ఆ తర్వాత ధైర్యంగా ఎనిమిది.

ఎందుకంటే ఆ అంకెను అసలు పేరుతో పిలిస్తే జొన్నలు ఏడుస్తాయి. కోస్గికి ఆవల ఉన్న ఆ ఊళ్ళో ఇదేమీ వింత కాదు. ఎద్దుకు కొమ్ములున్నాయంటే ఎవరాశ్చర్యపోతారు? వరికి ఈ పట్టింపు లేదు. అది పండక్కొచ్చే చుట్టం, మర్యాదగా వచ్చి మర్యాదగా పోతుంది. జొన్న ఇంటి మనిషి. పొద్దున గటుక, రాత్రి రొట్టె. ఇంటి మనిషి ఒక్క మాటంటే పడదు కదా. అందుకే ఆ ఊళ్ళో వారానికి ఆరునొక్క రోజులు. సంవత్సరాన్ని ‘సాలు’ అనేవాళ్ళే గానీ ఇంకో మాట అనేవాళ్ళు కాదు. ఎక్కడ అని అడగాలంటే ‘యాడ’ అనేవాళ్ళు. ‘ఏడ’ అని పొరపాటున కూడా అనేవాళ్ళు కాదు.

కోడలు సుక్కమ్మ కొంప ముంచింది ఈ చివరి మాటే.

సుక్కమ్మది హుజూర్‌నగర్ దిక్కు. బక్కమ్మ కొడుకు సైదులు ఎండకాలం గొర్లను కృష్ణ ఒడ్డుకు తోలుకుపోయి, గొర్లతో పాటు మనసును కూడా అక్కడే మేపుకొచ్చాడు. నయాపైసలు కొత్తగా వచ్చిన సంవత్సరం పెళ్లయింది. పిల్ల చురుకు. ఇసుర్రాయి ముందు కూర్చుంటే పిండి మెత్తగా, తెల్లగా కుప్పపడేది. వంక పెట్టే సందు దొరక్క బక్కమ్మకు నాలుక దురద పెట్టేది. అందుకే దొరికిన ఒక్క వంకనూ, గుమ్మికి వినపడనంత దూరాన పిల్ల నోరు జారినా సరే, వదల్లేదు.

“యాడ అనవే, యాడ!”

“మా దిక్కు గట్లనే అంటరత్తా.”

“మీ దిక్కు జొన్నలకు చెవుడు. మాయి ఇంటయి.”

మాఘమాసంలో జొన్న కోసి, బంతి కట్టి తొక్కించి, తూర్పారబట్టి కల్లంలో రాశి పోశారు. కొలిచేది జానయ్య. ఊరి రాశులన్నీ ఆయన చేతి మీదుగానే గుమ్ముల్లోకి చేరేవి. ఆయన కుంచం పట్టాడంటే తుమ్మొచ్చినవాడు కూడా అవతలి చేనుకు పోయి తుమ్మాలి. అట్లాంటి వేళ సుక్కమ్మ సద్దిగంప నెత్తిన పెట్టుకుని వచ్చింది. చూస్తే మొగుడు కనిపించలేదు. ఆయన సొప్పకుప్ప వెనక కాళ్లు చాపి గురక పెడుతున్నాడు. పేరు పెట్టి పిలుద్దామంటే మొగుడి పేరు నోటితో ఎట్లా తీస్తుంది? పిలవకుండా ఉందామంటే గటుక చల్లారిపోతోంది.

“ఇగో, ఏడున్నవ్?”

జానయ్య చేతిలో కుంచం ఆగిపోయింది. రాశి కొసన ఒక గింజ తడిగా మెరిసింది. దాన్ని చూసి పక్క గింజ, దాన్ని చూసి ఇంకోటి. చూస్తుండగానే రాశంతా అప్పగింతల నాటి పెళ్లికూతురిలా ఎక్కి ఎక్కి ఏడ్చింది.

“ఆరు! ఆరు!” అని జానయ్య అరిచాడు. ఆరమంటే ఆరుతాయేమోనని ఆశ. కల్లంలో అందరూ అందుకున్నారు. నిద్రలేచిన సైదులు ఏమైందో తెలియకుండానే గొంతు కలిపాడు. ఏడ్చే పిల్లను నలుగురు చేరి ఊరుకోమంటే ఊరుకుంటుందా? జొన్నలు ఇంకాస్త పెద్దగా ఎత్తుకున్నాయి.

చాపల మీద పరిచి ఎండబెడితే చివరికి ఆరాయి గానీ, ఉప్పగా తయారయ్యాయి. గటుకలో ఉప్పు వేసే పని తప్పిందని ఇరుగుపొరుగు మెచ్చుకున్నారు. బక్కమ్మకు మాత్రం తల తీసేసినట్టయింది.

“మీ నాయినకు కబురు పంపిన,” అంది కోడలితో. “పుట్టింటికి పోయి నాలుక దిద్దుకొని రా. దిద్దుకోనికి రాకుంటే ఆడనే ఉండు.”

“అమ్మా, జర...” అన్నాడు సైదులు.

“నువ్వు నోరు మూయి.”

మూశాడు. గొర్లను తప్ప ఎవర్నీ అదిలించడం ఆయనకు చేతకాదు.

సుక్కమ్మ ఇసుర్రాయి తిప్పుతూ “యాడ, యాడ” అని నేర్చుకుంది. తిప్పినంతసేపూ బాగానే వచ్చేది, రాయి ఆగితే నాలుక మళ్ళీ హుజూర్‌నగర్ పోయేది. ఆమెకు ఈ ఇల్లు కావాలి. సైదులు కావాలి. ఒట్టేసి అడిగితే, అత్త తిట్లు కూడా కావాలి. ఈ మాట ఎవరితో చెప్పుకోవాలో తెలియక పిండిలోకి చూస్తూ కూర్చునేది.

తండ్రి దుర్గయ్య వచ్చాడు. వచ్చీ రాగానే, “మా పిల్ల ఏం తప్పు జేసింది చెల్లె?” అని అడిగాడు.

“గా మాట నేననను. గుమ్మి ఇంటది.”

“అనకుంటే నాకెట్ల తెలుస్తది?”

బక్కమ్మ ఆయన్ని బాట దాకా తీసుకుపోయి చెవిలో చెప్పింది.

“గంతేనా?” అన్నాడు దుర్గయ్య.

“గంతేనా అంటవేందన్నా! రాశి రాశంతా తడిసె!”

వియ్యపురాలితో వాదించి గెలిచినవాడు లేడని దుర్గయ్యకు తెలుసు. సుక్కమ్మ మూట నెత్తిన పెట్టుకుంది. సైదులు కొట్టం గుంజ పట్టుకుని నిలబడ్డాడు. ఆమె గడప దాటింది, వాకిలి దాటబోయింది. వెనక నుంచి మడమకు చల్లగా ఏదో తగిలింది. నీళ్లు. గుమ్మి బెజ్జంలోంచి కారి, గడప మీదుగా పొర్లి, ఆమె కాళ్ల వెంటే వస్తున్నాయి.

“ఎవరన్నరు? గా మాట ఎవరన్నరు?” లోపల బక్కమ్మ కేక.

“ఎవ్వరనలేదమ్మా,” అన్నాడు సైదులు. “ఆమె పోతాంది, గందుకే.”

బక్కమ్మ గుమ్మిని పసిపిల్లను తట్టినట్టు తట్టింది. “ఊకో, ఊకో” అంది. గుమ్మి ఊరుకోలేదు. బక్కమ్మ దానితోనే తగవుకు దిగింది.

“ఇన్ని సాళ్ల సంది నిన్ను నింపుతున్న, అలుకుతున్న. నా కోసం ఒక్క గింజన్న తడిసిందా? మొన్నొచ్చిన పోరి కోసం గింతగనం కన్నీళ్లా!”

అంతలో కోడలు బాటెక్కడం చూసింది. కొంగు జారుతున్నా పట్టించుకోకుండా వాకిట్లోకి ఉరికి, ఊరంతా వినేటట్టు అరిచింది.

“ఏడికే పోతున్నవ్!”

అన్నాక నాలుక కరుచుకుంది. నలుగురూ గుమ్మి వైపు చూశారు. కారుతున్న నీళ్లు ఆగిపోయాయి. ఒక్క చుక్క కూడా రాలేదు.

బక్కమ్మ సుక్కమ్మ నెత్తి మీది మూట లాక్కుని చంకన పెట్టుకుంది. ముక్కు చీది, వియ్యంకుడి వైపు తిరిగింది.

“అన్నా, కాళ్లు గడుక్కో. కడుపునిండ తిని పో. ఒక్కనివే పో.”