నోరీనా జ్యూరీలో కూర్చుంది

ఆ ఏడాది ఇటలీలో, మా టురిన్ నగరంలో వారం తిరగకుండా ఎవరో ఒకరి మీద కాల్పులు జరిగేవి. వకీళ్ళు, విలేకరులు, ఫ్యాక్టరీ ఫోర్‌మన్లు. కొందరిని చంపేవాళ్ళు, కొందరికి కాళ్ళలో కాల్చి వదిలేసేవాళ్ళు. ఆ కాల్పులు జరిపే ఎర్ర దళంలో పట్టుబడ్డవాళ్ళ మీద విచారణకి చీటీలు తీస్తే జ్యూరీకి నా భార్య నోరీనా పేరొచ్చింది.

"నీకెందుకే ఇది? షాపులో జుట్లు కత్తిరించి బతికేదానివి!" అన్నాను.

"చీటీ తీసినవాణ్ణి అడుగు," అంది.

రెండోరోజు ఫోనొచ్చింది. కుర్ర గొంతు, ఎంతో మర్యాదగా: "మేడమ్ ఎనిమిదిన్నరకి షాపు తెరుస్తారు కదండీ. షట్టర్ ఎత్తేటప్పుడు వీపు వీధి వైపు ఉంటుంది. కాస్త చూసుకోమనండి."

నేను ట్రామ్ డ్రైవర్ని. డ్యూటీ మధ్యాహ్నానికి మార్చుకుని, మర్నాటి నుంచి షట్టర్ నేనే ఎత్తాను. వెనకాల మోటార్‌సైకిల్ చప్పుడైతే చాలు, వీపంతా చెమట. మూడోరోజు నోరీనాని జ్యూరీ నుంచి తప్పించే సర్టిఫికెట్ కోసం డాక్టర్ దగ్గరికి పరిగెత్తాను. "ఈ నెలలో మీది పద్నాలుగోది," అంటూ ఆయన 'నరాల బలహీనత' అని సర్టిఫికెట్ రాసిచ్చాడు. నోరీనా చదివి, సంచిలో పెట్టుకుంది.

కోర్టులో ఆమె ముందున్న మందుల షాపాయనకి గుండెదడట. టీచరమ్మకి నిద్ర పట్టదట. జడ్జి తలెత్తకుండానే అడిగాడు, "మీకేం జబ్బమ్మా?"

"జబ్బేం లేదండీ. భయం, అంతే."

హాలంతా నవ్వింది. జడ్జి తలెత్తి చూశాడు. "మరి కూర్చుంటారా?"

"కూర్చుంటాను."

మెట్లు దిగుతూ అరిచాను, "చచ్చిపోతావే!"

"నేను తప్పుకుంటే ఇంకొకామె రావాలి. ఆమెకీ ఇంట్లో నీలాంటోడు ఉంటాడుగా," అంది.

బోనులోంచి ముద్దాయిలు ఆమె పేరు పెట్టి అరిచేవాళ్ళు. షాపుకొచ్చేవాళ్ళు తగ్గిపోయారు. "అద్దాల తలుపు కదమ్మా, బయటికంతా కనపడతాం," అంది పక్కింటావిడ.

మే నెలలో ఒకరోజు, సరిగ్గా కోర్టు వదిలే వేళకి, నా ట్రామ్ ముందు తుపాకీ పేలింది. పేవ్‌మెంట్ మీద ఎవరో పడిపోయారు. బ్రేకేసి పరిగెత్తాను. బూడిదరంగు కోటు. మగమనిషి. నోరీనా కాదని ఊపిరి పీల్చుకున్నాను. ఆయన కళ్ళు తెరిచి నా వైపే చూస్తున్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను. బెల్టు తీసి ఆయన తొడకి బిగించి కట్టి, అంబులెన్స్ వచ్చేదాకా చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. బతికాడు.

ఇంటికెళ్ళి జరిగిందంతా నోరీనాకి చెప్పాను. "రేపట్నుంచి కోర్టుకి నేనే తీసుకెళ్తా," అన్నాను.

"ఇన్నాళ్ళకి!" అంది. అని, ఏడ్చింది. జ్యూరీకి పేరొచ్చాక ఆమె ఏడవడం అదే మొదలు.

జూన్‌లో తీర్పు చెప్పి శిక్షలు వేశారు. నోరీనా బయటికొచ్చి, ఆకలేస్తోందంది. ఎదురుగా ఉన్న హోటల్లో ఇద్దరం కడుపునిండా తిన్నాం.

షాపుకి పాతవాళ్ళు సగం మందే తిరిగొచ్చారు. మిగతావాళ్ళు మమ్మల్ని చూస్తే ఇప్పటికీ రోడ్డు దాటి అవతలికి పోతారు. నోరీనా మాత్రం వాళ్ళని పేరు పెట్టి గట్టిగా పలకరిస్తుంది.